ఆన్‌లైన్ వేలంలో పాత వెండి రూపాయి కొనేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

విక్టోరియా రాణి బొమ్మది, ఎడ్వర్డుది, ఐదో జార్జిది, మన హైదరాబాద్ చార్మినార్ రూపాయి, ఇలా రోజూ ఎవరో ఒకరు ఫోటో పంపి "ఇది ఒరిజినలేనా" అని అడుగుతుంటారు. చాలామంది డబ్బు కట్టేశాక అడుగుతారు, అదే బాధ. బిడ్ వేయకముందే చూసుకోవాల్సినవి, వాళ్ళు ఎక్కువగా అడిగిన ప్రశ్నలు అన్నీ ఒకచోట పెట్టాను.

ప్రశ్న: వెండి రూపాయికి కూడా డూప్లికేట్లు చేస్తారా? అందులో వాళ్ళకేం మిగులుతుంది?

చేస్తారు, రెండు రకాలుగా చేస్తారు. ఒకటి వెండే లేని రకం, ఇత్తడో జర్మన్ సిల్వరో పోత పోసి పైన వెండి పూత వేసేది. జర్మన్ సిల్వర్‌లో పేరుకే వెండి, లోపల ఉండేది రాగి, నికెల్, జింకు, అంతే. ఇలాంటిది పది రూపాయలకో ఇరవైకో తయారైపోతుంది, దాన్ని వెయ్యికి అమ్మినా వాళ్ళకి లాభమే.

రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అందులో వెండి నిజంగానే ఉంటుంది. మామూలు సంవత్సరం రూపాయి దాదాపు వెండి రేటుకే దొరుకుతుంది కానీ అరుదైన సంవత్సరం అయితే దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది, అందుకని మంచి వెండితోనే అరుదైన సంవత్సరం వేసి కొత్తగా అచ్చు కొడతారు, లేదా అసలు నాణెం మీదే అంకె చెక్కి మారుస్తారు. వెండి పరీక్షలన్నీ పాసవుతుంది కానీ నాణెం దొంగది. వెండి అని తేలిందని సంబరపడి ఆగిపోవద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

ప్రశ్న: అసలు బరువెంత ఉండాలి?

ఇది మాత్రం బట్టీ పట్టేయండి. బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు, అంటే ఒక తులం, 180 గ్రెయిన్లు. వెండి 91.7 శాతం. అర్ధ రూపాయి 5.83, పావలా 2.92, బేడ 1.46. రూపాయి అడ్డంగా కొలిస్తే 30 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. 1835 విలియం రాజు రూపాయి నుంచి 1939 దాకా లెక్క ఇదే.

చేతులు మారి అరిగిన నాణెం 11.4, 11.5 తూగితే కంగారు పడక్కర్లేదు. కానీ బొమ్మ, జుట్టు వెంట్రుకలతో సహా కొత్తదానిలా మెరుస్తూ బరువు మాత్రం 10.8 ఉందంటే అది అరుగుదల కాదు కదా, అరిగితే ముందు బొమ్మే అరగాలి. బరువూ బొమ్మా ఒకే కథ చెప్పాలి. సరిగ్గా 10 గ్రాములు ఉంటే మాత్రం అది దీపావళికి, ధనత్రయోదశికి నగల షాపుల్లో అమ్మే రాజు బొమ్మ వెండి బిళ్ళ అయ్యుంటుంది, పూజకి బాగానే ఉంటుంది గానీ పాత నాణెం కాదు.

ప్రశ్న: సెల్లర్‌ని ఏ ఫోటోలు అడగాలి?

బొమ్మా బొరుసూ అందరూ పెడతారు, మీరు అడగాల్సింది అంచు ఫోటో. నాణేన్ని రెండు వేళ్ళ మధ్య నిలబెట్టి అంచు చుట్టూ మూడు నాలుగు వైపుల నుంచి తీయమనండి. ఆ తర్వాత రెండు దశాంశాలు చూపించే తూకం మీద పెట్టి అంకె కనపడేలా ఒకటి, పక్కన చీటీ మీద ఆ రోజు తారీఖు రాసి పెట్టి ఒకటి. చీటీ ఎందుకంటే ఫోటో ఎక్కడో పెద్ద వేలం కేటలాగ్ నుంచి ఎత్తుకొచ్చి నాణెం వేరేది పంపించేవాళ్ళు ఉన్నారు. లిస్టింగ్ ఫోటోని గూగుల్ ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడండి, అదే ఫోటో ఇంకో మూడు చోట్ల కనిపిస్తే వదిలేయండి.

"అంచు ఫోటో తీయడం కుదరదండి, నమ్మకం ఉంటే కొనండి" అన్న సెల్లర్ దగ్గర కొనొద్దు. ఒరిజినల్ ఉన్నవాడికి ఒక్క ఫోటో బరువా చెప్పండి.

ప్రశ్న: ఫోటోలు వచ్చాయి, వాటిలో ఏం చూడాలి?

ముందు అంచు. అసలు రూపాయికి అంచు మీద నిలువు గీతలు ఒకదాని పక్కన ఒకటి సమానంగా, పదునుగా ఉంటాయి. పోత పోసినదానికి అంచు మధ్యలో సన్నని గీత ఒకటి చుట్టూ తిరిగి వస్తుంది, రెండు అచ్చు ముక్కలు కలిసిన చోటు అది. ఆ గీతని ఆకురాయితో రుద్దేస్తారు, అప్పుడు నిలువు గీతలు ఒక చోట లోతుగా ఒక చోట నున్నగా, పక్కకి వాలిపోయి కనిపిస్తాయి. ఫోటోని పెద్దది చేసి అక్కడే చూడండి.

తర్వాత అక్షరాలు. మింటులో డై, అంటే ఉక్కు అచ్చు దెబ్బకి పుట్టిన అక్షరం పక్కలు నిటారుగా నేల (నాణెం మీద ఖాళీ చోటు) మీద నుంచి లేచినట్టు ఉంటుంది, పోతలో అదే అక్షరం లావెక్కి, మూలలు గుండ్రంగా కరిగి, నేలలోకి కలిసిపోయినట్టు ఉంటుంది. ఖాళీ చోట చిన్న చిన్న గుంటలు, సూది మొనంత బుడిపెలు ఉంటే అవి పోతలో చిక్కిన గాలి బుడగల గుర్తులు.

ఇంకోటి, చాలామంది వదిలేసేది. అదే సెల్లర్ అమ్మిన పాత లిస్టింగులు తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. ఒక అసలు నాణెం నుంచి అచ్చు తీసి వంద కొట్టినప్పుడు ఆ నాణెం మీద ఉన్న గీత కూడా వందకీ వస్తుంది. రాణి చెంప మీద ఒక గాటు, అదే చోట అదే వంపుతో ఇంకో నాణెం మీద కూడా ఉందంటే రెండూ ఒకే అచ్చు పిల్లలు. జేబుల్లో, గల్లాపెట్టెల్లో పడి తగిలిన దెబ్బ రెండు నాణేలకి ఒకేలా తగలదు.

ప్రశ్న: సంవత్సరం, బొమ్మ సరిపోయాయో లేదో ఎలా తెలుస్తుంది?

నకిలీ చేసేవాళ్ళు చరిత్ర చదవరు, మనం కాస్త చదివితే చాలు. 1835 మీద విలియం, 1840 మీద విక్టోరియా. 1862 రూపాయి మీద "విక్టోరియా క్వీన్" అనే ఉండాలి, ఆమె చక్రవర్తిని అని ప్రకటించింది 1877 జనవరి 1న, అప్పటినుంచే నాణేల మీద "విక్టోరియా ఎంప్రెస్" వచ్చింది. కాబట్టి 1862 వేసి ఎంప్రెస్ అని ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. 1862 సంవత్సరం ఉన్నవి విరివిగా దొరకడం చూసి కొందరు అనుమానపడతారు, అందులో అనుమానించడానికేం లేదు, అదే తారీఖుతో 1874 దాకా కొడుతూనే ఉన్నారు. ఎడ్వర్డు రూపాయి 1903 నుంచి 1910 దాకా, ఆయన తల మీద కిరీటం ఉండదు. ఐదో జార్జి 1911 నుంచి, కిరీటంతో.

ప్రశ్న: 1911 పంది రూపాయి, 1939 రూపాయి తక్కువకి వస్తున్నాయి, కొనొచ్చా?

ఈ రెండింటి మీదే అందరి కళ్ళూ, నకిలీల కళ్ళు కూడా. ఎందుకో చెప్తాను.

1911లో ఐదో జార్జి రూపాయి వచ్చినప్పుడు ఆయన వస్త్రం మీద ఏనుగు బొమ్మ ఒకటి చెక్కారు, తొండం పొట్టిగా, కాళ్ళు పొట్టిగా ఉండి అది పందిలా ఉందని జనం గోల చేశారు, ప్రభుత్వం వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించేసింది. 1912 నుంచి తొండం స్పష్టంగా కనపడేలా ఏనుగుని మార్చారు. అందువల్ల 1911కి గిరాకీ. మోసం ఎలా చేస్తారంటే 1912, 1914, 1917 లాంటి మామూలు రూపాయి తీసుకుని చివరి అంకె గీకి ఒకటి చేస్తారు. బరువు కరెక్టు, వెండి కరెక్టు, మోగిస్తే మోత కరెక్టు. కానీ బొమ్మ వైపు ఏనుగుని మార్చలేరు! తారీఖు 1911 ఉండి ఏనుగుకి చక్కటి తొండం ఉందంటే దొరికిపోయినట్టే. అందుకే బొరుసు కంటే ముందు రాజు ఛాతీ మీద ఏనుగు క్లోజప్ అడగండి.

1939ది, ఆరో జార్జి బొమ్మతో, 91.7 శాతం వెండితో వచ్చిన చివరి రూపాయి. యుద్ధం వచ్చి వెండి కరువై 1940 నుంచి సగం వెండికి దిగారు. 1938 రూపాయి కూడా అదే వెండి, అదే రాజు, కాబట్టి 1938లో చివరి ఎనిమిదిని తొమ్మిది చేస్తే సరిపోతుంది, మోసగాడికి అంత సులువు. పది రెట్లు పెద్దదిగా చూపించే లూప్ పెట్టి చూస్తే ఎనిమిది కింది సున్నాలో ఎడమ పక్క చెక్కేసిన చోట సన్నని గీతలు, ఆ చుట్టూ నేల కొంచెం పల్లంగా, రంగు మిగతా చోటుకంటే తెల్లగా ఉంటాయి. కొందరు ఆ తేడా దాచడానికి అంకెల చుట్టూ మాత్రమే నల్లగా చేస్తారు. నాణెమంతా తెల్లగా ఉండి తారీఖు దగ్గరే మకిలి ఉంటే అక్కడే అనుమానించండి.

నా మాట, ఈ రెండు సంవత్సరాలు సర్టిఫికెట్ లేకుండా, తిరిగిచ్చే గడువు లేకుండా ఎంత తక్కువకి వచ్చినా కొనొద్దు. తక్కువకి వచ్చిందంటేనే అనుమానం.

ప్రశ్న: 1947 వెండి రూపాయి అని పులి బొమ్మది వేలంలో ఉంది, అయస్కాంతానికి అంటుకుంటోంది. నకిలీయా?

నకిలీ కాదు, వెండీ కాదు. 1947 పులి బొమ్మ రూపాయి నికెల్‌తో చేసింది, నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది. నాణెం నిజమే, "వెండి" అన్న మాటే అబద్ధం. వెండి రేటు పెట్టకండి.

ప్రశ్న: చార్మినార్ రూపాయి 11.18 గ్రాములే ఉంది, 11.66 లేదు, వెనక్కి పంపేయనా?

ఆగండాగండి, పంపకండి. నిజాం రూపాయి లెక్క వేరు. హాలీ సిక్కా అనేవాళ్ళు దాన్ని, ఇంగ్లీషు వాళ్ళ రూపాయిని కల్దార్ అనేవాళ్ళు, తెలంగాణలో పెద్దవాళ్ళ నోట ఈ మాటలు వినే ఉంటారు. హాలీ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అందుకే ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్‌లకి సమానంగా చెల్లేవి, వెండి లెక్క వేసి చూసినా దాదాపు అదే వస్తుంది. తర్వాత రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇదీ సగం వెండికి పడిపోయింది.

ఇందులో చూడాల్సింది చార్మినార్ మధ్య ద్వారం. ఆ ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌వైతే మీమ్, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌వైతే ఐన్. మహబూబ్ అలీ ఖాన్ పోయింది 1911లో, నాణేల మీద వేసే ముస్లిం క్యాలెండర్ లెక్కలో హిజ్రీ 1329. అందుకని ద్వారంలో మీమ్ ఉండి హిజ్రీ 1335 అని ఉందంటే అది కుదరని జోడీ. ఉర్దూ అంకెలు పది నేర్చుకోవడం ఒక్క సాయంత్రం పని, హైదరాబాద్ నాణేలు కొనాలనుకునేవాళ్ళు తప్పకుండా నేర్చుకోండి. పోత పోసినవాటిలో మినార్ల పైన ఉండే సన్నని పని, ద్వారంలో అక్షరం ముద్దగా అయిపోతాయి, ముందు అక్కడే చూడండి. వీలైతే సైఫాబాద్‌లో పాత టంకశాల భవనంలో మింట్ మ్యూజియం ఉంది, 2022లో తెరిచారు, ఒకసారి వెళ్ళి ఒరిజినల్స్ కళ్ళారా చూసి రండి. నిజమైనవి చూసిన కంటికే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: రాముడు, సీత, హనుమంతుడు ఉన్న 1818 ఈస్టిండియా కంపెనీ నాణెం?

ఈస్టిండియా కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. 1616, 1717, 1818, 1839 ఇలా రకరకాల తారీఖులతో, దేవుళ్ళ బొమ్మలతో వచ్చేవన్నీ తర్వాతెప్పుడో తయారుచేసినవి, కొన్నిటికి వెండి పూత కూడా వేసి అమ్ముతున్నారు. భక్తితో ఇంట్లో పెట్టుకుంటే అది మీ ఇష్టం, చరిత్ర అని వేలల్లో మాత్రం కట్టకండి. దీనికి అన్నలాంటిదే రైస్ పుల్లింగ్, బియ్యం లాగే నాణెం అని లక్షలు గుంజుతారు. మన రెండు రాష్ట్రాల్లోనూ కుటుంబాలు ఇల్లు తాకట్టు పెట్టి మరీ మునిగిపోయాయి, అలాంటి కాల్ వస్తే పోలీసులకి చెప్పండి.

ప్రశ్న: నాణెం ఇంటికొచ్చింది. ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, నాణేనికి దెబ్బ తగలకుండా మూడు పనులు. పార్సిల్ విప్పేటప్పుడు మాత్రం మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయండి, కట్ చేయకుండా.

చిన్న నియోడిమియం అయస్కాంతం కొనండి, మామూలు దానికంటే బాగా బలమైనది అది. అంటుకుంటే లోపల ఇనుమో నికెలో ఉన్నట్టే, 91.7 శాతం వెండి అంటుకోదు. అంటుకోకపోతే నాణేన్ని ఏటవాలుగా పట్టుకుని పైనుంచి అయస్కాంతాన్ని జార్చండి, వెండి మీద నెమ్మదిగా పాకుతున్నట్టు దిగుతుంది, జర్మన్ సిల్వర్ మీద జర్రున జారిపోతుంది. రాగి మీద కూడా నెమ్మదిగానే దిగుతుంది కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు.

మోత సంగతి మన తాతలకి తెలుసు, సంతలో రూపాయి తీసుకుంటే బండ మీద మోగించి గాని మొలలో దోపుకునేవాళ్ళు కాదు. మీరు బండకేసి కొట్టకండి, వేలి కొస మీద నిలిపి ఇంకో నాణెంతో అంచుని మెల్లగా తాకించండి. ఖంగుమని మోగి ఆ నాదం కాసేపు సాగాలి. టక్కుమని ఆగిపోతే సీసం లాంటిదో, పోతలో బోలుదో అయ్యుండాలి. లోపల చీలిక ఉన్న అసలు నాణెం కూడా మోగదు, అదొక్కటి గుర్తుంచుకోండి.

అన్నిటికంటే గట్టిది నీళ్ళ పరీక్ష. రెండు దశాంశాల తూకం మీద చిన్న ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు పెట్టి సున్నా చేయండి. సన్నని దారంతో రూపాయిని కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా, అడుగుకీ పక్కలకీ తగలకుండా వేలాడదీయండి. తూకం మీద 1.13 గ్రాముల దగ్గర్లో రావాలి. గాలిలో బరువు 11.66ని దానితో భాగిస్తే 10.3 చిల్లర, 91.7 శాతం వెండి సాంద్రత అదే. జర్మన్ సిల్వర్ ఐతే 1.34, ఇత్తడికి పూత వేసిందైతే ఇంకొంచెం ఎక్కువ చూపిస్తుంది. నాణేనికి బుడగలు అంటుకుని ఉంటే లెక్క తప్పుతుంది, ఓసారి ఊపి మళ్ళీ చూడండి, రెండు మూడుసార్లు చేసి సరిచూసుకోండి. పైన ఎంత పూత వేసినా లోపలి లోహం దాగదు కాబట్టి నాకు ఇదే ఇష్టమైన పరీక్ష.

ప్రశ్న: నగల షాపులో మెషీన్ మీద పెడితే చాలదా?

ఆ మెషీన్ పై పొరని మాత్రమే చదువుతుంది. పూత మందంగా ఉంటే వెండే అంటుంది. గీటురాయి మీద గీయడం, యాసిడ్ చుక్క వేయడం వద్దే వద్దు, నాణెం విలువ అక్కడే పోతుంది.

ప్రశ్న: స్లాబ్‌లో (ప్లాస్టిక్ డబ్బాలో) సీల్ చేసి గ్రేడ్ వేసి ఉంది, ఇంక భయం లేదుగా?

పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి, నాణేలు పరీక్షించి గ్రేడ్ వేసే పెద్ద కంపెనీల స్లాబులకే నకిలీలు వస్తున్నాయి, ప్లాస్టిక్ డబ్బా, స్టిక్కర్ అన్నీ కొట్టేస్తారు. స్లాబ్ మీద నంబర్ తీసుకుని ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో వేసి చూడండి, ఫోటో ఉంటే గీత గీతకీ పోల్చండి. నంబర్ నిజమే అయ్యి నాణెం వేరేది ఉండొచ్చు, ఎందుకంటే నిజమైన నంబర్‌నే కాపీ చేస్తారు. పేరు వినని కంపెనీ స్లాబ్ అయితే అది డబ్బా మాత్రమే అనుకోండి.

ప్రశ్న: రీస్ట్రైక్ అంటే నకిలీనా?

కాదు. కలకత్తా, బొంబాయి టంకశాలలే సేకరణ చేసేవాళ్ళ కోసం పాత డైలతో తర్వాతి కాలంలో కొట్టిచ్చినవి. వాటికీ విలువ ఉంది. రీస్ట్రైక్ అని చెప్పి అమ్మితే న్యాయం, ఒరిజినల్ అని అమ్మితే మోసం.

ప్రశ్న: నల్లగా ఉంటే పాతదనే కదా?

గంధకం తగిలితే నిన్న చేసిన వెండి కూడా నల్లబడుతుంది, ఉడికించిన గుడ్డు పక్కన మూసి పెట్టినా చాలు. నిజంగా ఏళ్ళు గడిచిన నలుపు అక్షరాల మూలల్లో చిక్కగా, ఎత్తుగా ఉన్న చోట పల్చగా ఉంటుంది, పూసినది అంతటా ఒకేలా ఉండి గుడ్డతో తుడిస్తే ఊడొస్తుంది. మీ దగ్గర అసలు నాణెం ఉంటే చింతపండుతో తోమకండి దయచేసి, తళతళలాడుతుంది గానీ కొనేవాళ్ళు సగం రేటు కూడా ఇవ్వరు.

ప్రశ్న: "మా పొలంలో బిందె దొరికింది, గుట్టుగా అమ్ముతున్నాం" అంటున్నాడు, చవకగా ఇస్తానంటున్నాడు.

లంకె బిందెల కథ. నూటికి తొంభై పాళ్ళు అబద్ధం, ఆ బిందెలోవన్నీ ఒకే పోత. ఒకవేళ నిజమైతే ఇంకా పెద్ద చిక్కు, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కి చెప్పాలి, చెప్పకుండా అమ్మినది కొంటే కేసులో మీరూ ఇరుక్కుంటారు.

ధర విషయానికొస్తే ఒక లెక్క పెట్టుకోండి. రూపాయిలో నికరంగా వెండి 10.69 గ్రాములు. గ్రాము వంద రూపాయలు ఉన్న రోజున కరిగించినా 1069 వస్తుంది. ఆ రోజు వెండి రేటుతో గుణించి చూసి, అంతకంటే తక్కువకి ఇస్తున్నాడంటే ఎందుకిస్తున్నాడో ఆలోచించండి, అదే కరిగించేవాడికి అమ్ముకోవచ్చుగా.

ప్రశ్న: వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో వేలం సంగతేంటి?

మంచి గ్రూపులు ఉన్నాయి, అక్కడ నిజాయితీగా అమ్మే పెద్దవాళ్ళూ ఉన్నారు. కానీ తెలియనివాడికి యూపీఐలో ముందే మొత్తం పంపొద్దు, డబ్బు అందగానే బ్లాక్ చేసి పోతారు. "నకిలీ అని తేలితే ఇన్ని రోజుల్లో పూర్తి డబ్బు వాపసు" అని చాట్‌లో రాయించుకోండి. పద్ధతి ప్రకారం నడిచే వేలం సంస్థల్లో అయితే మీరు వేసిన బిడ్ మీద కమీషన్, జీఎస్టీ కలుస్తాయి, అది లెక్కేసుకుని బిడ్ వేయండి. వాపసు నియమాలు బిడ్ వేయకముందే చదవండి.

మీరు అమ్మేవైపు ఉంటే ఇంకో మోసం ఉంది. మీ పాత నాణెం లక్షలు పలుకుతుంది, ఆర్‌బీఐ అనుమతి ఫీజు కట్టండి అంటారు. పాత నాణేలు, నోట్ల అమ్మకాలతో తనకి సంబంధం లేదని, ఫీజులూ కమీషన్లూ అడగనని ఆర్‌బీఐ 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

ప్రశ్న: నకిలీ వచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

తోమకండి, వంచకండి, గీయకండి, వచ్చినట్టే ఉంచండి. లిస్టింగ్ స్క్రీన్‌షాట్, చాట్, పేమెంట్ రసీదు, పార్సిల్ వీడియో, తూకం ఫోటో ఒకచోట పెట్టి గడువు దాటకముందే సైట్‌లో కంప్లైంట్ వేయండి, ఫోన్లో మాట్లాడినా మళ్ళీ రాతపూర్వకంగా పంపండి. సెల్లర్ "సగం ఇస్తాను, కంప్లైంట్ తీసేయండి" అంటాడు, తీయొద్దు. అవతలివాడు డబ్బుతో మాయమైతే అదే గంటలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. సైట్ వాళ్ళే పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఇంకొకరికి అంటగట్టి నష్టం పూడ్చుకుందామని మాత్రం చూడకండి, ఆ నాణెం మళ్ళీ ఇంకో కొత్త కుర్రాడి దగ్గరికే చేరుతుంది.

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం, ఇండియా నుంచి తెప్పించుకోవచ్చా?

వందేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. విక్టోరియా రూపాయి "ఎక్కడికైనా షిప్ చేస్తాం" అనే సెల్లర్ చట్టం తప్పుతున్నాడు, లేదా ఆ నాణేనికి వందేళ్ళు లేవు. అక్కడే ఉన్న డీలర్ల దగ్గర కొనుక్కోండి. అక్కడి పాత వెండి నాణేలు మోర్గాన్ డాలర్లు, ట్రేడ్ డాలర్లు కొంటున్నా పద్ధతి ఇదే, మోర్గాన్ 26.73 గ్రాములు, ట్రేడ్ డాలర్ 27.22, రెండూ 90 శాతం వెండి. ట్రేడ్ డాలర్ మొదలైంది 1873లో, అంతకుముందు తారీఖు ఉంటే వదిలేయండి. నకలు నాణేల మీద "కాపీ" అని కొట్టాలని అక్కడ 1973 నుంచి చట్టం ఉంది, ఈబే కూడా 2012లో నకలు నాణేల్ని నిషేధించింది, అయినా ఆ మాట లేకుండా వచ్చేవి ఆగలేదు, కాబట్టి అక్కడ కూడా తూకం దగ్గర పెట్టుకునే కొనండి.